కళ్ళు తిరుగుతున్నాయంటే ఎవరూ కళ్ళు చూడలేదు

పోయినేడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి, తెల్లవారుజామున అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఇంటినుంచి ఫోన్ వస్తే ఎత్తేలోపే గుండె జారిపోతుంది. "కంగారు పడకు. కుడిపక్కకి ఒత్తిగిల్లానా, ఇల్లంతా గిర్రున తిరిగిపోయిందిరా. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాను. ఇప్పుడు బాగానే ఉంది. కళ్ళు తిరిగాయి, అంతే" అంది.

ఆ "కళ్ళు తిరిగాయి" అన్న మాటని తర్వాత రెండు నెలల్లో ఆవిడ ఎంతమంది ముందు చెప్పిందో లెక్కలేదు. పాలకొల్లులో ఒకాయన బీపీ మాత్ర మార్చాడు. ఇంకొకాయన గ్యాస్ అన్నాడు. మెడ ఎముకలు అరిగాయని మరొకరు పట్టీ వేయించారు. దాంతో ఆవిడ పక్కవాళ్ళతో మాట్లాడాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. చివరికి హైదరాబాద్ తీసుకొచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో చూపిస్తే తలకి ఎంఆర్ఐ తీశారు. నార్మల్. ఎందుకైనా మంచిదని కంటి విభాగానికి పంపారు. అక్కడ అక్షరాల బోర్డు చివరి వరస దాకా చదివి, "సిక్స్ బై సిక్స్ అండీ, శుక్లం ఆపరేషన్ అయిన కన్నుతో సహా" అనిపించుకుని బయటికొచ్చింది.

కళ్ళు తిరుగుతున్నాయని ఒక మనిషి రెండు నెలలు మొత్తుకుంటే, ఆ కళ్ళు నిజంగా తిరుగుతున్నాయో లేదో ఒక్కరూ చూడలేదు. నా గొడవంతా దీనిమీదే.

తప్పు ఆ డాక్టర్లు ఒక్కరిదే అనను. మనందరి బుర్రల్లో కన్ను అంటే కెమెరా. మా పదో తరగతి ఫిజిక్స్ మాస్టారు బోర్డు మీద ఒక గుండ్రటి కెమెరా గీసి, ముందు కటకం, వెనక రెటీనా అనే తెర, తలకిందులుగా కొవ్వొత్తి బొమ్మ వేసి, అయిదు మార్కుల ప్రశ్న అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ బొమ్మలో కన్ను కదలదు. కంటిని తిప్పే కండరాలు అందులో లేవు. ఒక్కో కంటికి ఆరు చొప్పున రెండింటికీ పన్నెండు ఉంటాయి, వాటిని నడపడానికి మెదడునుంచి మూడు జతల నరాలు వస్తాయి. ఆ ఆరింటిలో ఒకటైతే, బావి గిలక మీదుగా చేంతాడు వెళ్ళినట్టు, కంటిగూడు అంచున ఉన్న చిన్న గిలకలోంచి దూరి మలుపు తిరిగి వచ్చి కనుగుడ్డుని పట్టుకుంటుంది. ఇంత సరంజామా ఊరికే ఉంటుందా?

చెయ్యి బారుగా చాచి మీ బొటనవేలి గోరు చూడండి. మనకి చదవగలిగేంత స్పష్టంగా కనపడేది రమారమి ఆ గోరు వెడల్పు మేరే, అంటే ఒకటి రెండు డిగ్రీలు. దినపత్రిక తెరిచి ఒక అక్షరం మీద చూపు నిలిపి, కన్ను కదపకుండా అదే వరసలో బెత్తెడు దూరంలో ఉన్న మాట చదవడానికి ప్రయత్నించండి. నల్లగా అలికినట్టు ఏదో ఉందని తెలుస్తుంది, అంతే. రెటీనా నడిమధ్య ఒక చిన్న గుంట ఉంది. సన్నటి వివరం పట్టే కణాలు అక్కడే కిక్కిరిసి ఉంటాయి. పక్కలకి పోయేకొద్దీ పలచబడతాయి. అయినా గదంతా ఒక్కసారే స్పష్టంగా కనపడుతోందని మనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిలబెట్టడానికి కన్ను సెకనుకి సుమారు మూడుసార్లు గెంతుతూ ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ లెక్కేస్తే రోజుకి లక్ష పైమాటే.

ఈ గెంతుని సకాడ్ అంటారు. ఫ్రెంచి మాట, గుర్రం కళ్ళేన్ని చటుక్కున గుంజడం అని అర్థం. పెద్ద గెంతులో కన్ను సెకనుకి 500 డిగ్రీలకి మించిన వేగం అందుకుంటుంది. శరీరంలో ఇంత జోరుగా కదిలే భాగాలు చాలా తక్కువ. అంత వేగంగా కెమెరా తిప్పితే ఫొటో అంతా గీతలు పడాలి. మనకి పడవు, ఎందుకంటే గెంతే ఆ క్షణంలో మెదడు చూపుని దాదాపు మూసేస్తుంది. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి మీ ఎడమ కన్నూ కుడి కన్నూ మార్చి మార్చి చూసుకోండి. కన్ను కదలడం మీకు కనపడదు. పక్కన నిలబడ్డవాళ్ళకి మాత్రం శుభ్రంగా కనపడుతుంది. ఇప్పుడు అదే పని ఫోన్ సెల్ఫీ కెమెరాలో చెయ్యండి. తెరమీద బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి మీ కన్ను గెంతడం మీరే పట్టుకోవచ్చు. నేను మొదటిసారి చేసినప్పుడు ఒంటరిగా గదిలో ఉండి కూడా సిగ్గుపడ్డాను. ఎవరో పరాయివాడి కళ్ళలా అనిపించాయి.

గోడ గడియారం వంక చటుక్కున చూస్తే సెకన్ల ముల్లు ఒక్క క్షణం ఆగిపోయినట్టుంటుంది చూడండి, అదీ ఇందులో భాగమే. గెంతులో పోయిన కాసింత కాలాన్ని, గెంతు ముగిశాక కనపడిన బొమ్మతోనే మెదడు వెనక్కి పూడ్చేస్తుంది. దొంగలెక్క రాసే గుమస్తా లాగ.

ఇదంతా మొదట బయటపడింది చదవడం దగ్గర. 1870ల చివర్లో ప్యారిస్‌లో ఎమిల్ జవాల్ అనే కంటి డాక్టరు ప్రయోగశాలలో, చదివేటప్పుడు కన్ను వరస వెంబడి జారిపోదని, గెంతి ఆగి, గెంతి ఆగి వెళ్తుందని గమనించారు. పాపం, ఆ జవాలే తర్వాత గ్లాకోమాతో చూపు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ అనే ఆయన, చదివేవాడి కంటికి కొకైన్‌తో తిమ్మిరి ఎక్కించి, నడిమధ్య చిన్న చిల్లున్న ప్లాస్టర్ గిన్నెలాంటిది కనుగుడ్డుకి అతికించి, దానికి ఒక పుల్ల, పుల్ల చివర సన్నటి అల్యూమినియం ముల్లు కట్టి, పొగపట్టించిన కాగితం మీద కంటి దారిని గీయించాడు. చదువుతున్న మనిషి కంటికి పుల్ల కట్టి ఉందన్న ఊహే నాకు ఒళ్ళు జలదరింపజేస్తుంది. కానీ ఆ కాగితం మీద వచ్చిన మెట్లమెట్ల గీతే ఈ శాస్త్రానికి ఓనమాలు. 1903లో రేమండ్ డాడ్జ్ కంటి కదలికల్ని అయిదు రకాలుగా విడదీశాడు. ఇప్పటికీ ఆ విభజనే కొద్ది మార్పులతో నడుస్తోంది.

ఇక్కడ నాదొక పాత ఏడుపు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో డబ్బు కట్టి స్పీడ్ రీడింగ్ వర్క్‌షాప్‌కి వెళ్ళాను. కన్నుని ఆపకుండా పేజీ మీద జార్చాలి, వెనక్కి చూడకూడదు, ఒక్కచూపులో వరస మొత్తం మింగాలి అన్నాడు చెప్పేవాడు. ఈ మూడూ జరిగేవి కావు. కన్ను అక్షరాల మీద జారదు, గెంతడమే దానికి తెలుసు. ఆగిన ప్రతిచోటా సెకనులో నాలుగో వంతు వరకూ నిలుస్తుంది. వెనక్కి చూడటం బద్ధకం కాదు. ఇంగ్లీషు బాగా చదవగలిగినవాళ్ళ గెంతుల్లో కూడా పదిహేను శాతం దాకా వెనక్కే వెళ్తాయి, అర్థం జారిపోయినచోటు మళ్ళీ పట్టుకోవడానికి. కీత్ రేనర్ అనే ఆయన జీవితమంతా ఈ లెక్కలే కట్టాడు. ఆయనా తోటివాళ్ళూ రాసిన సమీక్ష 2016లో వచ్చింది. వేగం పెంచితే అర్థం తగ్గుతుందని అందులో తేల్చేశారు. మన తెలుగులో అయితే గుడి పైన, వత్తు కింద, అక్షరం మధ్యన, ఒక్క చూపు మూడంతస్తులు మోస్తుంది. "రాష్ట్రం" అన్న మాటని జార్చుకుంటూ పోయే కన్నుని నాకు చూపించండి, ఆ వర్క్‌షాప్ ఫీజు మళ్ళీ కడతాను.

కన్ను ఎక్కడికి గెంతుతుందన్నది మనసులో ఉన్న ప్రశ్నని బట్టి ఉంటుంది. సోవియట్ శాస్త్రవేత్త యార్బస్ 1960లలో రెపిన్ అనే చిత్రకారుడి బొమ్మ ఒకటి చూపించి, ఒకే మనిషిని రకరకాల ప్రశ్నలు అడిగాడు. బొమ్మలోవాళ్ళ వయసులెంత అంటే కన్ను మొహాల చుట్టూ తిరిగింది. కలిగిన కుటుంబమేనా అంటే బట్టల మీదా సామాన్ల మీదా తిరిగింది. దీనికి రష్యా దాకా వెళ్ళక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో కూర్చున్న మేనత్త కన్ను గాజుల దగ్గర ఆగుతుంది, బాబాయి కన్ను ఇంటి పైకప్పు దగ్గర ఆగుతుంది, పిల్లాడి కన్ను ఎక్కడా ఆగదు.

మరి కదలకుండా నిలిపితే? నిలపలేం. రెప్పవెయ్యకుండా చూస్తున్నామనుకున్నప్పుడు కూడా కన్ను సన్నగా వణుకుతూ, జరుగుతూ, చిన్నచిన్న గెంతులు వేస్తూనే ఉంటుంది. 1950లలో శాస్త్రవేత్తలు కంటితోపాటే బొమ్మ కూడా కదిలేలా ఏర్పాటుచేసి, రెటీనా మీద అది ఒక్కచోటే ఉండేలా చూశారు. కొన్ని సెకన్లలో బొమ్మ కళ్ళముందే మాయమైపోయింది. రెటీనా మార్పుని పట్టుకుంటుంది, మారనిదాన్ని వదిలేస్తుంది. అసలు మన రెటీనా ముందర రక్తనాళాల వల ఒకటి పరుచుకుని ఉంది. దాని నీడ కంటితోపాటే కదులుతుంది కాబట్టి మనకి ఎప్పుడూ కనపడదు. కంటి డాక్టరు చీకటిగదిలో టార్చి పక్కనుంచి అటూఇటూ ఆడించినప్పుడు, ఎండిపోయిన చెట్టుకొమ్మల్లాంటివి ఒక్క క్షణం మెరిసి పోతాయే, అవి ఆ నీడలే. పూర్తిగా కదలని కన్ను గుడ్డి కన్నుతో సమానం. కెమెరాకి ట్రైపాడ్ పెడితే ఫొటో బాగా వస్తుంది, కంటికి ట్రైపాడ్ పెడితే ఫొటోయే ఉండదు. ఆ పోలిక ఇక్కడే చచ్చిపోయింది. అయినా పాఠాల్లో ఇంకా బతికే ఉంది.

మనవాళ్ళు "చూపు ఆనట్లేదు" అంటారు. ఆనడం అంటే వెళ్ళి తాకి నిలవడం. పాఠం కంటే ఆ మాటే నయం.

అమ్మ దగ్గరికి వస్తాను. ఎవరో చుట్టాలు రాజమండ్రిలో ఒక పెద్దాయన ఉన్నాడు, చెవి ముక్కు గొంతు డాక్టరు, వెళ్ళండి అన్నారు. కళ్ళు తిరిగితే చెవి డాక్టరేమిటని అమ్మ వెటకారం చేసింది. నాకూ నమ్మకం లేదు. ఏదో ఒకటి చూద్దామని రైలెక్కాం.

కిటికీ పక్క సీట్లో నాలుగేళ్ళ పాప. కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి కిటికీ ఊచలకి బుగ్గ ఆనించి బయటికి చూస్తోంది. నేను ఎదురుగా కూర్చుని దాని కళ్ళు చూస్తున్నాను. వంతెన కమ్మీ ఒకటి వచ్చింది. పాప కళ్ళు నెమ్మదిగా దాని వెంట వెనక్కి వెళ్ళాయి. టక్కున ముందుకొచ్చాయి. ఇంకొక కమ్మీ. మళ్ళీ నెమ్మదిగా, మళ్ళీ టక్కున. దానికేమీ తెలియదు, అది నీళ్ళలో పడవని చూస్తోంది. పాత వైద్య పుస్తకాల్లో ఈ కదలికకి రైలు పేరే పెట్టారు. కదిలే దృశ్యం కంటిని తనతో లాక్కుపోతుంది, అంచుకి చేరగానే కన్ను ఒక్క గెంతులో వెనక్కొచ్చి కొత్తదాన్ని పట్టుకుంటుంది. అమ్మ మాత్రం వంతెన దాటేదాకా కళ్ళు మూసుకుని, మామూలుగా వేసే రూపాయి కూడా నన్నే నదిలో వెయ్యమంది.

మెల్లగా వెంబడించే కదలిక ఉందే, దానికి ఒక చిత్రమైన షరతు ఉంది. వెంబడించడానికి ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. ఖాళీ గోడ మీద ఈ మూలనుంచి ఆ మూలకి కంటిని మెత్తగా జరపమంటే ఎవరివల్లా కాదు, గెంతులే పడతాయి. అదే గోడమీద బల్లి పాకుతుంటే కన్ను నూనె రాసినట్టు జారిపోతుంది. మందు ఎక్కువ తాగితే ముందుగా చెడేవాటిలో ఈ నునుపు ఒకటి. అమెరికాలో పోలీసులు రోడ్డు పక్కన కారాపి, కళ్ళముందు పెన్ను అటూఇటూ జరిపి చూస్తారు. అక్కడున్న మనవాళ్ళలో ఈ పరీక్ష రుచి చూసినవాళ్ళు లేకపోలేదు.

ఈ వెంబడింపుకి వేగం హద్దు కూడా ఉంది. అందుకే "బంతి మీదనుంచి కన్ను తియ్యకు" అని క్రికెట్ కోచ్‌లు చెప్పేది సగం అబద్ధం. 2000లో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియడ్ అనే ఇద్దరు ఇంగ్లాండ్‌లో బ్యాట్స్‌మెన్ తలకి చిన్న కెమెరా కట్టి చూశారు. బంతి బౌలింగ్ మెషీన్లోంచి బయటికి రాగానే ఒక్క క్షణం చూసి, కన్ను బంతిని వదిలేసి, అది ఎక్కడ పిచ్ అవుతుందో అక్కడికి ముందే గెంతి కూర్చుంటుంది. బంతి వచ్చి పడ్డాక మళ్ళీ అందుకుంటుంది. ఆటగాడు ఎంత మంచివాడైతే ఆ గెంతు అంత తొందరగా పడింది. తర్వాత 2013లో ఆస్ట్రేలియాలో మేటి ఆటగాళ్ళని చూస్తే, వాళ్ళ కళ్ళు బ్యాట్‌కి బంతి తగిలే చోటుకి కూడా ముందే వెళ్ళి కాచుకున్నాయి. నా చిన్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే మా పీఈటీ సారుతో వాదించి ఇంకో రెండు దెబ్బలు తినేవాణ్ణి.

రాజమండ్రి డాక్టరుగారిది పాత ఇల్లు. ముందు వసారాలో బెంచీలు, లోపల ఒక ఎత్తు మంచం. అమ్మ ఫైలంతా, ఎంఆర్ఐ కవరుతో సహా ఆయన ముందు పెట్టాను. ఆయన కవరు విప్పలేదు. "పడుకుని పక్కకి తిరిగితేనే వస్తుందా అమ్మా? ఏ పక్క? ఎంతసేపుంటుంది?" మూడే ప్రశ్నలు. తర్వాత ఆవిణ్ణి మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, తలని కుడివైపు సగం తిప్పి పట్టుకుని, "ఏమొచ్చినా కళ్ళు మాత్రం మూయొద్దు. నా ముక్కు చూస్తూ ఉండండి" అని ఒక్క ఊపున వెనక్కి పడుకోబెట్టాడు. తల మంచం అంచు దాటి కిందకి వేలాడింది.

ఒకటి, రెండు, మూడు సెకన్లు ఏమీ లేదు. నాలుగో సెకనులో అమ్మ "అమ్మో" అని ఆయన చెయ్యి పట్టేసుకుంది. నేను వంగి చూశాను. రెండు కనుపాపలూ తాళంచెవి తిప్పినట్టు మెలితిరుగుతూ నుదుటివైపు ఎగురుతున్నాయి, జారుతున్నాయి, మళ్ళీ ఎగురుతున్నాయి. అరనిమిషం లోపే నెమ్మదించి ఆగిపోయాయి. నా జన్మలో అంత దగ్గరగా అమ్మ కళ్ళలోకి చూడటం అదే మొదలు. కళ్ళు తిరుగుతున్నాయని ఆవిడ అక్షరాలా నిజం చెప్పింది.

డాక్టరుగారు నాకేసి తిరిగి "చూశారుగా" అన్నాడు, ఇంద్రజాలం చేసినవాడిలా.

చెవికీ కంటికీ ఏమిటి సంబంధమన్నది తెలియాలంటే ఈ పేజీనే వాడుకోవచ్చు. ఫోన్ చేతిలో పట్టుకుని గబగబా అటూఇటూ ఊపుతూ చదవండి. చదవలేరు. ఇప్పుడు ఫోన్ కదపకుండా తల అంతే వేగంగా అడ్డంగా ఊపుతూ చదవండి. చదవగలరు. రెంటిలోనూ జరిగింది ఒకటే కదలిక. మరి తేడా ఎక్కణ్ణించి వచ్చింది? ఫోన్ ఊపినప్పుడు కన్ను చూసి వెంబడించాలి, అందుకు సెకనులో పదోవంతో ఇంకా ఎక్కువో పడుతుంది. తల ఊపినప్పుడు కబురు చెవిలోంచి వస్తుంది. లోపలి చెవిలో ఒక్కో పక్క మూడేసి అర్ధవలయాకారపు గొట్టాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగ్గానే ఆ కబురు మూడంటే మూడు నరకణాల మీదుగా కంటి కండరానికి చేరిపోతుంది. సెకనులో నూరో వంతు కాలంలో తల ఎంత కుడికి తిరిగితే కన్ను అంత ఎడమకి తిరిగి లెక్క సరిచేస్తుంది. ఈ ఏర్పాటు ఉండబట్టే నడుస్తూ దుకాణాల బోర్డులు చదవగలుగుతున్నాం. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న రెండుమూడు రోజులు నేల ఊగినట్టుండేది కూడా ఇందుకే. అద్దం బొమ్మ సైజు మారుస్తుంది, తల తిరుగుడికీ కంటి తిరుగుడికీ ఉన్న పాత లెక్క తప్పుతుంది, కొత్త లెక్క కుదిరేదాకా తిప్పలు.

ఆ ఏర్పాటు పూర్తిగా పోతే ఎలా ఉంటుందో 1952లో ఒక అమెరికన్ డాక్టరు తన సొంత అనుభవంగా రాశాడు. టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు వాడితే లోపలి చెవిలోని ఈ భాగం దెబ్బతింది. మంచంలో చదువుకోవాలంటే తలని మంచం ఊచల మధ్య ఇరికించి నిలబెట్టుకోవాల్సి వచ్చేదట. లేకపోతే గుండె కొట్టుకున్నప్పుడల్లా తల కదిలే ఆ కాసింత కదలికకే అక్షరాలు ఎగిరేవట. నడుస్తుంటే ఎదురొచ్చే మొహాలు ఆనేవి కావు, ఆగి నిలబడితేగాని. ఆయన్ని అక్షరాల బోర్డు ముందు కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టి ఉంటే బహుశా మా అమ్మలాగే చివరి వరస దాకా చదివేసేవాడు.

బోర్డు మీద నా ఫిర్యాదు ఇదే. 1862లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్ డాక్టరు దాన్ని తయారుచేశాడు. గొప్ప పనే. దేశంలో కళ్ళజోడు లేక బోర్డు కనపడని పిల్లలకీ, శుక్లాలు ముదిరిన ముసలివాళ్ళకీ దాన్ని మించిన చవక పరీక్ష లేదు, దాన్ని తీసెయ్యమని నేననడం లేదు. కానీ అది అడిగే ప్రశ్న ఒకటే. కదలని మనిషికి కదలని అక్షరం ఎంత చిన్నది కనపడుతుంది? దానికి జవాబు సిక్స్ బై సిక్స్. ఆ జవాబునే "మీ కళ్ళు బాగున్నాయి" అని అనువదించి పంపించెయ్యడం తప్పు అంటున్నాను.

అమ్మకి ఏమయిందంటే, లోపలి చెవిలో ఒకచోట ఉండాల్సిన సున్నపు స్ఫటికాలు కొన్ని ఊడి, వెనక గొట్టంలోకి జారాయి. పక్కకి ఒత్తిగిల్లినప్పుడు అవి బరువుకి కిందకి దొర్లుతూ ద్రవాన్ని కదిలిస్తాయి. తల గిరగిరా తిరిగిపోతోందని చెవి అబద్ధపు కబురు పంపుతుంది. కళ్ళు విధేయంగా ఆ లేని తిరుగుడిని సరిచెయ్యబోయి తాము తిరుగుతాయి. చెవినుంచి కంటికి తీగ ఉందని వియన్నాలో రాబర్ట్ బారనీ పట్టుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. చెవులు కడుగుతుంటే నీళ్ళు చల్లగా ఉన్నాయి, తల తిరుగుతోందని రోగి అన్నాడు. సరే అని వేడినీళ్ళు పోస్తే కళ్ళు రెండో వైపుకి కొట్టుకున్నాయి. 1914 నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది, అప్పటికాయన రష్యాలో యుద్ధఖైదీ. వెనక్కి పడుకోబెట్టి కళ్ళు చూసే పరీక్షని లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వివరంగా రాశారు. పరికరం ఏమీ అక్కర్లేదు, ఒక మంచం చాలు. ఆ స్ఫటికాలని వచ్చిన దారినే వెనక్కి దొర్లించడానికి తలని ఏ వరసలో తిప్పాలో జాన్ ఎప్లీ అనే అమెరికన్ డాక్టరు కనిపెట్టాడు. 1980లో చూపిస్తే తోటి డాక్టర్లు నమ్మలేదు. వివరమైన వ్యాసం అచ్చయ్యేసరికి 1992 అయింది.

మా డాక్టరుగారు అదే చేశాడు. తల కుడికి, కాసేపు. ఎడమకి, కాసేపు. మనిషంతా ఎడమపక్కకి, మొహం నేలకేసి, కాసేపు. లేపి కూర్చోబెట్టడం. మొత్తం అయిదు నిమిషాలు. రెండోసారి చేసి పడుకోబెడితే కళ్ళు నిలిచే ఉన్నాయి. "చెవిలో రాళ్ళేమిటండీ, కిడ్నీలో ఉంటాయి గానీ" అని అమ్మ ఆయనతో వాదం పెట్టుకుంది. ఆవిడ వాదిస్తోందంటే తగ్గిందని నాకర్థమైంది.

ఎంఆర్ఐ ఎందుకు తీశారని నేను తిట్టను. పెద్దవయసులో కళ్ళు తిరగడం ఒక్కోసారి స్ట్రోక్ కావచ్చు. తిరుగుడు ఆగకుండా ఉన్నా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనపడినా, నడవలేకపోయినా ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకుండా పరిగెత్తాల్సిందే. కానీ అక్కడ కూడా కళ్ళే ముందు చెప్తాయి. 2009లో అమెరికాలో, ఆగకుండా తల తిరుగుతూ వచ్చిన 101 మంది రోగుల మీద చేసిన పరిశీలన ఒకటి ఉంది. మంచం పక్కనే మూడు కంటి కదలికలు చూస్తే స్ట్రోక్ ఉన్నవాళ్ళందరూ దొరికారు. వాళ్ళలో 12 శాతం మందికి మొదటి రోజుల్లో తీసిన ఎంఆర్ఐ ఏమీ లేదనే చూపించింది. చూడటం బాగా నేర్చినవాళ్ళు చేస్తేనే లెండి, నాలాంటివాడు చేస్తే కాదు. అయినా లక్షల స్కానర్‌కి అందని సంగతి రెండు కనుపాపల్లో ఉందంటే, వాటిని చూడకుండా ఫైలు మూసెయ్యడం నాకు మింగుడు పడదు.

ఈ వాదనకి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాటేస్తే అన్యాయం. మా మేనల్లుడికి ఎనిమిదో తరగతిలో చదవడం మొదలెట్టిన పావుగంటకి తలనొప్పి. అక్షరాలు రెండేసి అవుతున్నాయనేవాడు. అక్షరాల బోర్డు చదివిస్తే సిక్స్ బై సిక్స్, కాబట్టి చదువు ఎగ్గొట్టడానికి నాటకమని ఇంట్లో తీర్పు. ఒక ఆప్టోమెట్రిస్టు పెన్ను మొన చూడమని చెప్పి దాన్ని ముక్కు దగ్గరికి తెస్తుంటే జానెడు దూరంలోనే ఒక కన్ను చెయ్యి వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. మిగతా కదలికలన్నిటిలో రెండు కళ్ళూ జోడెద్దుల్లా ఒకే వైపు పోతాయి. దగ్గర వస్తువు చూసేటప్పుడు మాత్రం ఎదురెదురుగా లోపలికి రావాలి. వాడికి ఆ పని సరిగ్గా రాదు. మూడు నెలలు వ్యాయామం చేయించారు, తలనొప్పి పోయింది. 2008లో 221 మంది పిల్లల మీద అమెరికాలో చేసిన అధ్యయనంలో క్లినిక్‌లో చేయించిన వ్యాయామంతో 73 శాతం మందికి మేలు కనపడింది. ఇంట్లో పెన్సిల్ పట్టుకుని చేసుకున్నవాళ్ళలో 43 శాతమే.

కానీ మా అక్క అక్కడ ఆగలేదు. ఇక మార్కులు పెరుగుతాయని కూర్చుంది. పెరగలేదు. 2019లో 311 మంది పిల్లల మీద ఆ బృందమే చూస్తే, వ్యాయామం చేసిన పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలో ఉత్తుత్తి వ్యాయామం చేసినవాళ్ళకంటే ముందుకేమీ పోలేదు. కళ్ళకి కసరత్తు చేయిస్తే, మాటలు చదవడమే కష్టమయ్యే డిస్లెక్సియా పోతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, కళ్ళజోడు తీసెయ్యొచ్చు అని ఫీజులు పట్టేవాళ్ళు వీధికొకరున్నారు. డిస్లెక్సియా ఉన్న పిల్లల కళ్ళు చదివేటప్పుడు తడబడతాయి, నిజమే. మాట కూడబలుక్కోవడం కష్టమై కన్ను వెనక్కి వెళ్తుంది. ఆ తడబాటు ఫలితం, కారణం కాదు. కళ్ళ కదలిక చూడండి అని నేను గోలపెడుతున్నది వీళ్ళ దుకాణం నడపడానికి కాదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ కిటికీ సీటు అడిగి కూర్చుంది. వంతెన మీద ఆవిడ కళ్ళు కమ్మీల వెంట వెళ్తూ, వస్తూ ఉన్నాయి. రూపాయి ఆవిడే వేసింది.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఒకటి. మా వీధిలో ఎవరికి కళ్ళు తిరిగినా అమ్మ దగ్గరికొస్తున్నారు. పోయిన వారం పక్కింటి అత్తయ్యగారు వచ్చి కూర్చుంటే, ఈవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి "ఏ పక్కకి ఒత్తిగిల్లితే వస్తోందండీ? ఎంతసేపుంటోంది?" అని మొదలెట్టింది. నేను వీడియో కాల్‌లోంచి అరిచాను, అడగడం వరకేనే అమ్మా, ఆవిడ మెడ జోలికి మాత్రం పోకు అని. "నాకు తెలుసులేరా" అంది. అప్పటికే అత్తయ్యగారి తల వెనక దిండు తీసేసి ఉంది.